సుమ్మా తగిలింది

కుప్పుస్వామి కాళ్ళు తొక్కుతాడు. తనవి కాదు, పక్కవాళ్ళవి.

ఆయనకు యాభై దాటాయి. పలక, అంటే మా డప్పు, భుజాన పడితే చాలు, ఒక చోట నిలబడలేడు. ముందుకు కొంత, వెనక్కి కొంత, పక్కకు ఎంతో ఆయనకే తెలియదు. ఆ అడుగుల్లో ఏదో ఒకటి ఎవరి పాదం మీదో దిగుతుంది. కాలు తగిలితే ఎదుటి మనిషిని తాకి కళ్ళకద్దుకోవడం మన మర్యాద. కుప్పుస్వామికి రెండు చేతుల్లోనూ పుల్లలుంటాయి. అందుకని పుల్లనే కళ్ళకద్దుకుని, దెబ్బ తప్పకుండా, "సుమ్మా తగిలిందప్పా" అంటాడు. పుట్టింది సత్యవేడు వైపు, తమిళ సరిహద్దులో. ఊరికే అనవలసిన చోటల్లా ఆయనకు సుమ్మా అనే వస్తుంది.

మాది చంద్రగిరి దగ్గర పలకల సెట్టు, కలిసి వాయించే జట్టు. పెండ్లికి పిలుస్తారు, జాతరకు పిలుస్తారు, చావుకూ పిలుస్తారు. అందరికంటే పెద్ద పెంచలయ్య తాత. మాకందరికీ పుల్ల పట్టుకోవడం నేర్పినవాడు ఆయనే. అందరికంటే చిన్నది లోహిత, తిరుపతిలో డిగ్రీ చదువుతుంది. మధ్యలో కుప్పుస్వామి, నేను, ఇంకొందరు. నాకు ఆటో ఉంది కాబట్టి సెట్టుకు బండి నాదే.

మాలో ఎవరికీ ఎవరితోనూ చుట్టరికం లేదు. వరసలు మాత్రం అన్నీ ఉన్నాయి. లోహిత కుప్పుస్వామిని చిన్నాయనా అంటుంది, నన్ను అన్నా అంటుంది. ఆ లెక్కన నేను కుప్పుస్వామికి కొడుకు వరస కావాలి. నేను మాత్రం బావా అంటాను. ఎవరూ సరిచెయ్యలేదు. తీరిక లేదు. ఎప్పుడు చూసినా ఎక్కడికో బయల్దేరుతూనో, ఎక్కడినుంచో వస్తూనో ఉంటాం.

పాకాలలో ఒక పెండ్లి. జీలకర్ర బెల్లం పెట్టుకునేటప్పుడు ఎవరు ముందు ఎదుటివాళ్ళ కాలు తొక్కితే కాపురంలో వాళ్ళ మాట చెల్లుతుందని ఒక వేడుక ఉంది. పెండ్లికూతురి అక్కలు ఆమెకు వారం నుంచి నేర్పిస్తున్నారట. తీరా పెండ్లికొడుకు కారు దిగి పందిరి దాకా నడిచి వస్తుంటే, ముందు పలక కొడుతూ వెనక్కి జరిగిన కుప్పుస్వామి అతని కొత్త చెప్పు మీద పూర్తిగా నిలబడ్డాడు. పుల్ల కళ్ళకద్దుకున్నాడు. "సుమ్మా తగిలింది నాయనా" అన్నాడు. పెండ్లికూతురి మేనత్త గట్టిగానే అంది, ఇంక ఈ పిల్లోడు బతికినన్నాళ్ళూ పలకలాయన మాటే వినాలని. ఏడాది తిరక్కుండా ఆ పిల్లవాడు నిజంగానే ఫోన్ చేశాడు. బిడ్డకు పేరు పెడుతున్నాం, మీ కుప్పుస్వామిని రమ్మనండి అని. వెళ్ళాడు. ఉయ్యాల ఊపుతూ పెద్దమ్మ కాలు తొక్కాడు.

తిరుపతిలో గంగమ్మ జాతరప్పుడు ఒక పోలీసు బూటు తొక్కాడు. బూటు గట్టిది, పోలీసుకు తెలియలేదు. ఎవరూ అరవకపోవడం కుప్పుస్వామికి కొత్త. తొక్కానో లేదో అని అనుమానం వచ్చి మళ్ళీ తొక్కి చూశాడు. ఈసారి తెలిసింది. ఆ తర్వాతి బూతులు ఆ జాతరలో మామూలే, మొక్కుగా తిట్టుకుంటారు.

మేమూ జాగ్రత్తలు నేర్చుకున్నాం. నేను ఫ్యాక్టరీలో వేసుకునే బూట్లు కొన్నాను. లోహిత ఆయన భుజం కదలికను బట్టి ముందే గెంతేది. జనం దాన్ని కూడా ఆటలో భాగం అనుకుని చప్పట్లు కొట్టేవాళ్ళు. జాగ్రత్త పడనిది ఒక్క పెంచలయ్య తాతే. ఎక్కడ వరస కట్టినా కుప్పుస్వామి వెళ్ళి తాత కుడిపక్కన చేరతాడు. ఎక్కువ తొక్కుళ్ళు తాతకే. బొటనవేలి గోరు నల్లబడిపోయింది. ఆయన ఒక్క మాట అనేవాడు కాదు.

అసలు తాత ఏ విషయంలోనూ ఒక్క మాటకు మించి అనడు. ఆ మాట "అట్లనే." రేపు పుత్తూరు పోవాలి తాతా అంటే అట్లనే. ఎండ మండిపోతోందంటే అట్లనే. ఒకసారి హోటల్లో టీనా కాఫీనా అని అడిగితే అట్లనే అన్నాడు. రెండూ తెప్పించాం. రెండూ తాగాడు. పెద్ద వయసు వస్తే మనిషికి ఇంత నెమ్మది వస్తుందన్నమాట అని మేము ఆశ్చర్యపడేవాళ్ళం.

ఒక రోజు కుప్పుస్వామి భార్య సంతోషమ్మతో నా బూట్లు చూపించి మొర పెట్టుకున్నాను. ఆమె నమ్మలేదు. "మా ఇంట్లో అయితే పిల్లి మాదిరి నడస్తాడు గిరీ. చర్చిలో అంత జనం సాపల మీద కూచోనుంటారా, ఒగరి కొంగు గూడా తొక్కకుండా ముందుకు పొయ్యి కానుక ఏసొస్తాడు. మీ కాడికొస్తేనే ఏమొస్తాదో ఆయనకు" అంది. నేను నవ్వేసి బండి తీశాను. ఆ రోజు కూడా ఎక్కడికో వెళ్ళాలి.

మొన్న చలికాలంలో చంద్రగిరి కోటలో ఒక ఉత్సవం పెట్టారు. రాజమహల్ ముందు పచ్చికలో పలకల ఆట. జరిపిస్తున్న సంస్థ తరఫున మునిప్రసాద్ అనే కుర్రవాడు వచ్చాడు. మర్యాదస్తుడు. అందరినీ గారు అన్నాడు. మధ్యాహ్నం మేము వెళ్ళేసరికి నేల మీద పసుపు టేపుతో గడులు అతికించి ఉన్నాయి. ఒక్కొక్కరికి ఒక్కొక్క గడి. వీడియో పైనుంచి డ్రోన్‌తో తీస్తారు, వరస తిన్నగా కనపడాలి, గడి దాటి ఎవరూ కదలకూడదు. ఎత్తును బట్టి నిలబెట్టాడు. పొడుగ్గా ఉంటాడని తాత ఒక కొసన. పొట్టి అని కుప్పుస్వామి ఇంకో కొసన.

కుప్పుస్వామి గడిలో నిలబడి గడిలోనే చుట్టూ తిరిగాడు. బోనులో పడ్డ ఉడత ఇంతకంటే నయం.

"సార్, పలకనేది నిలబడి కొట్టేది కాదు సార్. నడస్తా కొట్టేది" అన్నాడు.

ఈ ఒక్క పూటకు నిలబడమన్నాడు మునిప్రసాద్.

"అయితే నన్ను పెద్దాయన పక్కన పెట్టండి సార్."

ఎత్తు కుదరదన్నాడు.

"కుదరకపోతే నేను రెండు ఇటికెల మీద నిలబడతా సార్."

మునిప్రసాద్ నవ్వి డ్రోన్ వైపు వెళ్ళిపోయాడు.

మొదలుపెట్టాం. మొదటి దెబ్బ, అంటే మొదటి తాళం, బాగానే సాగింది. రెండోదానికి మారేచోట అందరం మారాం, తాత మారలేదు. మేమంతా ఒకటి కొడుతుంటే ఆయన పలక ఒక్కటే పాతది కొడుతోంది. రెండు మూడు వరసలు అట్లాగే కొట్టి, చెయ్యి ఆపేశాడు. మెడ తిప్పి, మా అందరి మీదుగా, ఆ కొసన ఉన్న కుప్పుస్వామి వైపు చూశాడు. నాకు పలక పట్టుకోవడం నేర్పిన మనిషి దెబ్బ తప్పడం నేను అంతకు ముందు చూడలేదు.

మునిప్రసాద్ దగ్గరికి వచ్చాడు. మెత్తగా, పెద్దాయనను కష్టపెట్టడం ఎందుకన్నాడు. కుర్చీ వేస్తామన్నాడు. సాయంత్రం ముఖ్య అతిథి చేత శాలువా కప్పిస్తామన్నాడు. వాయించేది మిగతావాళ్ళు చూసుకుంటారు, ఆయన హాయిగా కూర్చోవచ్చు.

మా వైపు సెట్లలో శాలువా అంటే భయం. శాలువా కప్పించుకున్నవాడు మళ్ళీ పలక ఎత్తినట్టు ఎవరికీ తెలియదు. కప్పిన మర్నాటి నుంచి ఆ ఇంటికి ఎవరూ ఫోన్ చెయ్యరు. పెద్దాయనను ఇబ్బంది పెట్టడం ఎందుకులే అంటారు. పెంచలయ్య తాతకు భార్య లేదు, పొలం లేదు. మా ఆటో హారనే ఆయనకు తెల్లవారడం.

"అంతే కదండీ పెద్దాయనా?" అన్నాడు మునిప్రసాద్.

"అట్లనే" అన్నాడు తాత.

మునిప్రసాద్ ఆయన చేతులు పట్టుకుని నమస్కారం పెట్టి, అన్నం తినడానికి వెళ్ళాడు.

కుప్పుస్వామి కోట గోడ పక్కన అటూ ఇటూ తిరుగుతున్నాడు. నేను వెళితే నా బూటు తొక్కాడు. లోహిత వస్తే ఆమె గెంతింది. కూర్చో బావా అంటే కూర్చున్నాడు, వెంటనే లేచాడు.

"నీకేమైంది బావా? ఆయనే ఒప్పుకున్నాడు గదా" అన్నాను.

"ఆయన యాడ ఒప్పుకున్న్యాడు? ఆయనకు వినపడితే గదా ఒప్పుకునేది."

నాకు అర్థం కాలేదు.

"చెవులు పొయినాయిరా గిరీ. కరోనా అయినాంక మెల్లగా తగ్గతా వచ్చి, మొత్తం పొయినాయి. ఎవరికన్నా తెలిస్తే ఇంట్లో కూచోబెడతారని అన్నిటికీ అట్లనే అంటాడు. దెబ్బ మారేటప్పుడు నేను కాలు తొక్కతా. దాంతో మారతాడు. అది లేక ఈ పొద్దు తప్పినాడు."

"మరి మా కాళ్ళెందుకు తొక్కుతావు?"

"ఆయన కాలొక్కటే తొక్కితే మీకు తెలిసిపోదా? అందరిదీ తొక్కితే, కుప్పుసామికి ఒళ్ళు కుదురుండదు, అంతే అనుకుంటారు."

టీ, కాఫీ రెండూ తాగిన రోజు నాకు గుర్తొచ్చింది. సంతోషమ్మ చెప్పిన పిల్లి నడక గుర్తొచ్చింది. లోహిత తన చెప్పుల వైపు చూసుకుంటోంది.

"పాకాల పెండ్లికొడుకు కాలు?" అన్నాను.

కుప్పుస్వామి కాసేపు ఆలోచించాడు.

"అది సుమ్మా తగిలింది" అన్నాడు.

నేను తిరిగి చూసేసరికి లోహిత లేదు. పచ్చికలో వంగి, గోటితో పసుపు టేపు ఊడదీస్తోంది. తాత గడిని ఎత్తి తీసుకొచ్చి కుప్పుస్వామి గడికి ఆనించి అతికించింది. ఇద్దరి మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా మిగల్లేదు. అతికించిన టేపును కాలితో రుద్దుతూ, "చిన్నాయనా, గడి దాటకుండా తొక్కాల, సరేనా?" అంది.

మునిప్రసాద్ తిరిగి వచ్చి డ్రోన్ తెర చూసుకున్నాడు. గీత తిన్నగానే ఉంది. ఒక కొసన మాత్రం పొడుగు పక్కనే పొట్టి. అతను నోరు తెరిచేలోపల కుప్పుస్వామి ఎదురు వెళ్ళాడు.

"ఒగసారి కొట్టి సూపిస్తాం సార్. ఈసారి పెద్దాయన తప్పితే ఆ శాలువా నాకు కప్పి ఇంటికి పంపు. నేను మళ్ళీ పలక ముట్టను."

మునిప్రసాద్ మర్యాదస్తుడని ముందే చెప్పాను. ఇట్లాంటి మాటకు కాదనలేకపోయాడు.

మొదలుపెట్టాం. నేను నా దెబ్బ మీద కన్నా ఆ కాళ్ళ మీదే చూపు పెట్టాను. మారేచోటు వచ్చింది. కుప్పుస్వామి కుడికాలు కదల్లేదు. ఎడమకాలు మెల్లగా లేచి తాత పాదం మీద దిగింది. తాత మారాడు. మూడో దెబ్బకు మారాడు. వేగం పెరిగేకొద్దీ ఆయన భుజాలు వదులయ్యాయి. చివరికి వచ్చేసరికి మేమే ఆయన వెనక పరుగెత్తుతున్నాం. మునిప్రసాద్ తెర చూడటం మానేసి మనిషిని చూస్తున్నాడు.

సాయంత్రం ఆట కూడా అట్లాగే జరిగింది. కుర్చీ ఖాళీగా ఉంది. శాలువా మిగిలిపోతుంది కదా అని దాన్ని ముఖ్య అతిథికే కప్పించాడు మునిప్రసాద్. కప్పేది సెట్టు తరఫున కుప్పుస్వామి. శాలువా సరిగ్గానే కప్పాడు. దిగేటప్పుడు ముఖ్య అతిథి ముఖం ఒక క్షణం మారింది. మైకులో అందరికీ వినపడింది.

"సుమ్మా తగిలింది సార్."

ఇంకా వెలుతురు ఉండగానే బయల్దేరాం. వెనక సీట్లో అందరూ, పలకలు, సంచులు. కుప్పుస్వామి అక్కడ కూడా సర్దుకుంటూనే ఉన్నాడు. తాత ముందు నా పక్కన కూర్చున్నాడు, ఎప్పటిలాగే. మలుపు తిరిగేటప్పుడు నాకు ఆయన పాదం కనిపించింది. బొటనవేలు బాగా వాచి ఉంది. నేను ఏమీ అడగలేదు. అడిగినా లాభం లేదని ఇప్పుడు తెలుసు కదా. ఊరికే ఆ పాదం వైపు చూసి, ఆయన ముఖం వైపు చూశాను.

చెవులు పోయినవాళ్ళు అరిచి మాట్లాడతారంటారు. తాత గొంతు బండి చప్పుడులో నాకే సరిగా వినపడలేదు.

"పలక డొక్కకు ఆనుకోనుంటాది గదప్పా. నేను కొట్టేది ఆడ తెలస్తాది. మీరు కొట్టేది నేలలోంచి కాళ్ళకొస్తాది. వాడు తొక్కేసరికి నేను ఎప్పుడో మారిపోయింటా. వాడు ఎప్పుడూ ఒగ దెబ్బ ఎనకే."

నేను బండి వేగం తగ్గించాను. మధ్యాహ్నం సంగతి నా ముఖంలో కనపడి ఉంటుంది.

"మారే చోటొచ్చినా పక్కన వాని కాలు లేదు. వానికి ఏమన్నా అయిందేమో అని మనసు అటు పొయినాది. అంతలో మీరు మారిపోతిరి, అందుకే ఆపి వాని పక్క తిరిగి సూసినా." వాచిన వేలిని చేత్తో నిమురుకున్నాడు. "నాకు సాయం చేస్తా ఉండానని వానికొగ సంతోషం. ఉండనీ. వేలేమన్నా అరిగిపోతాదా? సెప్పబాక."

వెనక లోహిత కెవ్వుమంది. చిన్నాయనా కాలు, కాలు అంటోంది. తగిలిందిలే అని గొణుగుతూ, కుప్పుస్వామి మా ఇద్దరి భుజాల మధ్య నుంచి తల ముందుకు పెట్టాడు.

"ఏందంట? పెద్దాయన ఏమో సెప్తా ఉండాడే?"

"సుమ్మా" అన్నాను.