మీటింగుకు బొట్టు

ఈ సోమవారం పొద్దున చెత్త బండి మా వీధి మలుపు తిరుగుతుంటే, రోజూ వచ్చే పాట సగంలో ఆగిపోయింది. మైకు గరగరలాడి ఒక మగ గొంతు వినిపించింది. ఆదివారం కమ్యూనిటీ హాల్లో వార్డు మీటింగు ఉందట. మా కాలనీ మధ్యలో ఉన్న ఖాళీ జాగాలో పార్కు కట్టాలా, దుకాణాల మల్గీలు కట్టాలా అన్నది అక్కడ తేలుస్తారట. అందరూ రావాలట. మా కోడలు చెత్త డబ్బాతో లోపలికి వస్తూ, "వాట్సాప్ గ్రూపుల గుడ వచ్చింది అత్తమ్మా, అందరు దండం పెట్టే బొమ్మలు పెట్టిన్రు" అన్నది. "బొమ్మలొచ్చి కూసుంటయా కుర్చీలల్ల?" అన్నాను. అప్పటికే నా చెయ్యి గూట్లో ఉన్న ఇత్తడి భరిణె మీదికి పోయింది. మూత తీస్తే కుంకుమ వాసన, దానితో పాటు కొంచెం బెల్లం వాసన. అది నా భరిణె కాదు. నీలమ్మక్కది.

నీలమ్మక్కను చూడనివాళ్ళకు ఆమె ఎట్లా ఉండేదో చెప్పాలి. నుదుట అడ్డంగా విభూతి రేఖలు, వాటి కింద పెద్ద కుంకుమ బొట్టు, నడుముకు దోపిన కొంగు. పుట్టిల్లు బీదర్ అవతల. జహీరాబాద్ బజారులో బెల్లం దుకాణం ఉన్న మనిషిని చేసుకొని మా ఎదురింటికి వచ్చింది. నన్ను "తంగీ" అని పిలిచేది. వాళ్ళ కన్నడంలో చెల్లెలని అర్థం. నేను న్యాల్‌కల్ దగ్గరి పల్లెదాన్ని, మూడో తరగతిలోనే బడి మాన్పించారు. నా పొయ్యి, నా బిందె, నా పిల్లల అన్నం, ఇంతకు మించి నాకు పట్టేది కాదు. మీటింగులంటే ఇస్త్రీ చొక్కాల మగవాళ్ళ పని అనుకునేదాన్ని.

అప్పుడు మా కాలనీ ఊరి చివర ఉండేది. ప్లాట్లు చేసినప్పుడు ఇళ్ళ మధ్యలో ఒక జాగా వదిలారు. పిల్లలు అక్కడే ఆడేవాళ్ళు, మేము జొన్నలు అక్కడే ఆరబోసుకునేవాళ్ళం, ఎవరింట్లో పెళ్ళయినా పందిరి అక్కడే. కొందరికి దాని మీద కన్ను పడింది. మల్గీలు కడితే కాలనీకి కళ వస్తుందన్నారు. దాని మీద మీటింగు పెట్టి, రిక్షా మీద మైకు కట్టి చాటారు. ఆ రోజు మా ఇళ్ళ నుంచి పోయింది మేమిద్దరమే. అదీ నీలమ్మక్క నా చెయ్యి పట్టి గుంజుకుపోతే. మల్గీలు కావాలన్నవాళ్ళు ముందు వరుసలో కూర్చున్నారు, వెనక కుర్చీలన్నీ ఖాళీ. ఆఫీసరు అటూ ఇటూ చూసి, "వచ్చే వారం ఇంకోసారి కూర్చుందాం. అప్పుడు కూడా ఎవరు రాకుంటే, కాలనీవాళ్ళకు అభ్యంతరం లేదని రాసుకుంటం" అన్నాడు.

దారి పొడుగునా నేను కాలనీవాళ్ళను తిట్టుకుంటూ నడిచాను. నీలమ్మక్క ఆగి నా మొహంలోకి చూసింది.

"వాళ్ళను తిడుతవెందుకు తంగీ? ఎవరన్న పిలిచిన్రా వాళ్ళను? మైకుల ఒర్రిన్రు. నీ బిడ్డ పెండ్లికి నువ్వు రోడ్డు మీద నిలబడి ఒర్రుతవా?"

మర్నాడు భరిణె పట్టుకొని మా గుమ్మంలో నిలబడింది. "నడువు, బొట్టు పెట్టి పిలుద్దాం" అన్నది. మా దిక్కు శుభకార్యం ఉంటే ఆడవాళ్ళు ఇంటింటికీ పోయి బొట్టు పెట్టి పిలుస్తారు. అట్లా పిలిచాక పోకపోతే పిలిచినవాళ్ళను చిన్నబుచ్చినట్టే. కానీ మున్సిపాలిటీ మీటింగుకు బొట్టు పెట్టడం నేను ఎక్కడా చూడలేదు. పైగా అంత కుంకుమ ఖర్చు. "దండగ గదా అక్కా, చీటీలు రాయించి పంచితే అయిపోతది" అన్నాను.

"చీటీ ఇస్తే పల్లీలు కట్టుకుంటరు. బొట్టు పెడితే మొకం కడుక్కునేదాంక యాదికుంటది."

ఆ వారమంతా ఆమె వెంట తిరిగాను. ముస్లింల ఇళ్ళల్లో బొట్టు బదులు దోసిట్లో పటిక బెల్లం పెట్టేది. అక్కడొక ముసలామె నవ్వి, "షాదీ ఎవరిదమ్మా?" అని అడిగింది. "జాగది షాదీ, ఖాలా. మనం పోకుంటే వేరేటోళ్ళు చేసుకపోతరు" అన్నది నీలమ్మక్క. ఆ ముసలామె తన కోడళ్ళందరినీ వెంటబెట్టుకొని వచ్చింది. హాలు నిండింది. కుర్చీలు చాలక ఆడవాళ్ళు జంపఖానా పరుచుకొని కూర్చున్నారు. ఆఫీసరు ఎర్రటి నుదుళ్ళు చూసి తికమకపడి, "ఏందమ్మా, ఇయ్యాల పేరంటం గిట్ల ఉన్నదా?" అన్నాడు.

"మీదే గద సార్ పేరంటం" అని లేచింది నీలమ్మక్క. "మీకు పిలుసుడు రాకపాయె, మేము పిలుసుకొచ్చినం. ఇగ చెప్పున్రి, ఆ జాగ పోతే మా పోరలు హైవే మీదికి పోయి ఆడాల్నా?"

జాగా నిలిచింది. తర్వాత మురుగు మోరీకి, వీధి లైట్లకు, నల్లా నీళ్ళకు ఏ మీటింగు పెట్టినా మా భరిణె బయటికి వచ్చేది. లేచి మాట్లాడడం కూడా నేర్చుకున్నాను. మొదటిసారి నేను మాట సగంలోనే కూర్చోబోతే, నీలమ్మక్క వెనక నుంచి నా కొంగు పట్టుకొని, "కూసోకు, కూసున్నవంటే మళ్ళ లేవవు" అని గొణిగింది.

మా ఆయన పోయిన తర్వాత నేను ఇల్లు కదలలేదు. ఎవరూ కదలవద్దనలేదు, నేనే కదలలేదు. భర్త లేని ఆడది బొట్టు పెట్టి పిలవడం మాలో లేదు. ఒకరోజు నీలమ్మక్క వచ్చి భరిణె నా ఒళ్ళో పెట్టింది.

"మోకాళ్ళు నొస్తున్నయి తంగీ, ఈసారి నువ్వు తిరుగు."

"నేనెట్ల పెడత అక్కా?"

"ఇది పెండ్లి పిలుపు గాదు, మీటింగు పిలుపు. దీనికి మొగడుండాలని ఏ మున్సిపాలిటీల రాసున్నది?"

నా వెంట తానూ కుంటుకుంటూ వచ్చింది. మొదటి ఇంటి అత్తగారు నా చేతిని చూసి, కోడలిని ఒక అడుగు వెనక్కి లాగింది. నా చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నీలమ్మక్క ఆ గుమ్మంలోనే నా ముందుకొచ్చి నుదురు వంచింది. "నాకు పెట్టు ముందుగాల" అన్నది. నేను కదలకపోతే, "పెట్టవే, ఏం ఫికర్ లేదు. మా మనిషి బెల్లం కొట్ల గుండు లెక్క కూసున్నడు, ఆయనకేం గాదు" అన్నది. విభూతి కింద ఆమెకు బొట్టు పెట్టాను. అత్తగారు నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వాక, కోడలు తనంతట తానే ముందుకు వచ్చింది.

నీలమ్మక్క పోయిన చలికాలంలో కాలం చేసింది. ఆమె మనిషి, అప్పుడు గుండులా ఉన్నాయన, ఇప్పుడు కర్ర పట్టుకొని ఎండలో కూర్చుంటాడు. భరిణె తిరిగి ఇవ్వబోతే, "ఉండనీ అమ్మా, మీటింగులకు పనికొస్తది" అన్నాడు.

అందుకే ఈ సోమవారం భరిణెలో కొత్త కుంకుమ పోశాను. పాత ఇళ్ళు త్వరగానే అయిపోయాయి. ఈ రోజుకు మిగిలింది కొత్త అపార్ట్‌మెంటు. ఫ్యాక్టరీలు వచ్చాక ఎక్కడెక్కడివాళ్ళో దిగారు, నాకు ఒక్క మొహమూ తెలియదు. కానీ వాళ్ళ పిల్లలు కూడా ఆ జాగాలోనే ఆడుతున్నారు. వాళ్ళు రాకపోతే సగం హాలు ఖాళీగా ఉంటుంది, మళ్ళీ ఎవరో అభ్యంతరం లేదని రాసుకుంటారు. వాచ్‌మన్ ఆపి, "ఎవరింటికి పోవాలె పెద్దమ్మా?" అన్నాడు. "అందరింటికి" అన్నాను. నా ఒక్కదాని కోసం లిఫ్టుకు కరెంటు దండగని మెట్లెక్కాను.

పై అంతస్తులో నల్లపూసలేసుకున్న ఒక చిన్నది తలుపు తీసింది. మహారాష్ట్రలో లాతూర్ దిక్కు పిల్ల, తెలుగు అంతంతమాత్రం. వచ్చీరాని హిందీలో మీటింగు సంగతి చెప్పి బొట్టు పెట్టాను. ఆ పిల్ల నన్ను ఆగమని లోపలికి పోయి తన కుంకుమ డబ్బా తెచ్చింది. వాళ్ళలో బొట్టు పెట్టినవాళ్ళకు తిరిగి పెట్టాలట. నేను వెనక్కి జరిగాను. నాకు వద్దు బిడ్డా, మా ఆయన లేడు అన్నాను. ఆ పిల్ల నా నుదురు చూసింది.

"తో క్యా హువా, ఆజీ?" అన్నది, అయితే ఏమైంది అవ్వా అని. "మీటింగ్‌దే కదా!"

ఎవరు చెప్పారు దానికి ఆ మాట? నీలమ్మక్కను అది ఎన్నడూ చూడలేదు. ఆ గుమ్మంలో నా పక్కన ఎవరో కుంటుకుంటూ వచ్చి నిలబడ్డట్టే అనిపించింది. నేను నుదురు వంచాను.

మిగతా ఇళ్ళన్నీ ఆ బొట్టుతోనే తిరిగాను. ఇంటికొస్తే కోడలు నా నుదుటి బొట్టు చూసి, భరిణె అందుకొని గూట్లో పెట్టింది. రేపు ఆదివారం. వంట పెందలాడే కావాలని దానికి చెప్పాను, ఈసారి అది కూడా హాలుకు రావాలి, లేచి మాట్లాడాలి. దాని కొంగు పట్టుకొని వెనక నేను కూర్చుంటాను. నా వేలి కొసన ఎరుపు ఇంకా పోలేదు. సబ్బుతో రుద్దితే పోతుందని కోడలు అంటున్నది. సబ్బు ఎందుకు దండగ, రేపటి దాకా ఉండనీ.