నన్ను మింగిన తెల్లకణం

నా ఈడు కుర్రాళ్లంతా అమీర్‌పేట వెళ్లి కంప్యూటర్ కోర్సులు నేర్చుకుంటున్న ఆ రోజుల్లో, మైక్రోబయాలజీ చదివి ఫిల్మ్‌నగర్‌లో ఉద్యోగంలో చేరిన మహానుభావుణ్ణి నేను. (మా నాన్న, నాకెవరైనా పిల్లనిస్తారన్న ఆశ వదులుకుని, బంధువులకు 'సినిమా లైను' అని చెప్పుకునేవాడు.) ఒక చిన్న స్టూడియోలో బడిపిల్లల కోసం ఆరోగ్య చిత్రాలు తీసేవారు. వాటిలో సైన్సు తప్పులు దొర్లకుండా చూడటం నా పని. రక్తంలోని తెల్లకణం సూక్ష్మజీవిని ఎలా మింగుతుందన్నది నా మొదటి చిత్రం. అది తీయించుకుంటున్న డాక్టరమ్మ సాయంత్రం వచ్చి చూస్తారని, ఆవిడ కాదంటే రేపట్నుంచి నేను రానక్కర్లేదని డైరెక్టర్ గారు చల్లగా చెప్పారు.

గ్రాఫిక్స్ చేసేవాళ్లంతా సాఫ్ట్‌వేర్ కంపెనీలకు ఎగిరిపోయారు గనక, మనుషులతోనే తీయాలన్నారు. షేక్‌పేట నుంచి ఫైట్ మాస్టర్ నలుగురు ఫైటర్లతో దిగాడు. పెద్ద తెల్లగుడ్డ కింద ముగ్గురు దూరితే తెల్లకణం. ఆకుపచ్చ బనీను తొడుక్కున్న నాలుగోవాడు సూక్ష్మజీవి. ఆ బనీను నిండా పసుప్పచ్చ కుచ్చులు కుట్టించాను, అవి శత్రువుకు అంటుకుని గుర్తుపట్టించే యాంటీబాడీలు. తెల్లకణానికి కళ్లుండవు, తడిమినప్పుడు ఆ కుచ్చు తగిలితే శత్రువని పోల్చుకుని చుట్టేసి మింగుతుందని గంటసేపు పాఠం చెప్పాను. అందరూ భక్తిగా విన్నారు.

యాక్షన్ అనగానే గుడ్డ కదిలింది. ఇంకా జానెడు దూరం ఉండగానే సూక్ష్మజీవి గాల్లో రెండు పల్టీలు కొట్టి అట్టపెట్టెల మీద పడింది. మళ్లీ తీశాం, మళ్లీ పడింది. ఆరోసారి కూడా పడ్డాక (ఈసారి నోట్లోంచి ఎర్రరంగు కూడా కార్చింది) ఏడుపు ముఖంతో మాస్టర్ దగ్గరికి వెళ్లాను.

"ఇరవై ఏండ్ల సంది తగలకుండ కొట్టుడే నేర్పిన సార్. తగిలిందంటె మా పోరగానికి పని రాదన్నట్టు," అన్నాడాయన బాధగా.

"తగలకపోతే అది గుర్తే పట్టదు మాస్టర్. నా ఉద్యోగం కూడా ఉండదు."

ఆయన నన్ను ఎగాదిగా చూసి, "అయితె ఆ బనీను మీరే ఏస్కోండ్రి. మీకైతె పడుడు రాదు గద," అన్నాడు.

నిజమే, పడటం రాదు. పారిపోవడం వచ్చుగానీ, దానికి చోటు లేదు. గుడ్డలోంచి ఒక చెయ్యి సాగి నా భుజం మీది కుచ్చు తడిమింది, అంతే, ఎటు చూసినా తెలుపే. ముగ్గురు వస్తాదులు నన్ను నలిపేస్తుంటే పైనుంచి బకెట్లతో సబ్బునీళ్లు పోశారు. (అవి అరిగించే రసాలని నేనే రాసిచ్చాను.) ఓ పక్క చక్కిలిగింతలు, ఓ పక్క ఊపిరాడదు, నవ్వుతూనే కేకలు పెట్టాను. అప్పుడే వచ్చిన డాక్టరమ్మ, సైన్సు చూసే అబ్బాయేడని అడిగారట. "అరుగుతుండు మేడం," అని మాస్టర్ వినయంగా చెప్పాడట.

ఆవిడ ఆ షాటు రెండుసార్లు వేయించుకుని చూశారు. అంతా సరిగ్గా ఉంది, ఆ సూక్ష్మజీవి మాత్రం ప్రాణం పెట్టి చేశాడు అన్నారు. ఉద్యోగం నిలిచింది. తర్వాత పెద్ద కుర్చీల్లో కూర్చున్నాను, శాలువాలూ కప్పించుకున్నాను. అయినా చెప్పొద్దూ, నా పనిని అంత మనసారా మెచ్చుకున్నవాళ్లు మళ్లీ దొరకలేదు. నెత్తిన సబ్బునురగతో వణుకుతూ ఆవిడకు దణ్ణం పెట్టిన ఆ బక్కకుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ ముద్దొస్తాడు.