బాయిలర్ వెనక బీరువా

ఆ ఆసుపత్రి లాండ్రీలో పెద్దక్కకి పైన ఇద్దరు అధికారులు. ఇన్ఫెక్షన్ల సంగతి చూసే డాక్టరమ్మ ఒకరు, స్టోర్సు ఆఫీసరు ఇంకొకరు. బాగా ఉడికి, పూర్తిగా ఆరితే తప్ప ఏ దుప్పటీ గది దాటకూడదని డాక్టరమ్మ ఆర్డరు. పదకొండయ్యేసరికి ఏ మంచమూ బోసిగా కనపడకూడదని ఆఫీసరు ఆర్డరు. రెండు కాగితాలూ ఒకే మేకుకి వేలాడేవి. మంచానికి దుప్పట్లు రెండే. ఉన్న రెండు డ్రయ్యర్లలో ఒకటి ఎప్పుడూ మూలుగుతూనే ఉండేది. రెండు ఆర్డర్లూ ఒకే రోజు నెరవేరడం కుదరని పని. ఆ సంగతి అధికారులిద్దరికీ తెలుసు. తెలిసే సంతకాలు పెట్టారు, కింద ఎవరో ఒకరు చూసుకుంటారులే అన్న ధీమాతో.

ఆ ఎవరో ఒకరు పెద్దక్కే. మడతలు పెట్టే పనిలో చేరిన మరుసటేడు ఆమె తొలి కాన్పు ఆ ఆసుపత్రిలోనే అయింది. చెమ్మ ఆరని దుప్పటి మీద పసిగుడ్డుని పక్కలో పెట్టుకుని పొద్దుగూకేదాకా వణికింది. అడిగితే విన్నవాళ్లు లేరు. తన చేతి మీదుగా తడి దుప్పటి ఒక్కటి కూడా పోనివ్వనని ఆనాడే ఒట్టు పెట్టుకుంది. ఇన్‌చార్జి అయ్యాక కూడా ప్రతి కట్టలోంచీ ఒకటి తీసి చెంపకి ఆనించి చూసేది. చేతికి తెలియని తడి చెంపకి తెలుస్తుందట.

ఒట్టు పెట్టుకోవడం తేలికే, నిలబెట్టుకోవడానికి ఒక దొంగదారి కావలసి వచ్చింది. చిరిగిన దుప్పట్లని రద్దు రాసి పీలికల గోనెలో వెయ్యాలి. ఆమె రద్దయితే రాసేది గానీ గోనెలో వేసేది కాదు. మధ్యాహ్నం అన్నం తినే గంటలో సగం మిగుల్చుకుని, ఇంటి నుంచి తెచ్చుకున్న కుట్టుమిషను మీద మాసికలు వేసి, బాయిలర్ వెనక తుప్పుపట్టిన బీరువాలో దాచేది. పద్దెనిమిదేళ్లలో అవి మూడొందలయ్యాయి. డ్రయ్యరు మొరాయించిన రోజున అవి వార్డులకి వెళ్లేవి, తడివి నింపాదిగా ఆరేవి. తన ఆర్డరు చక్కగా నడుస్తోందని డాక్టరమ్మా అనుకునేది, ఆఫీసరూ అనుకునేవాడు.

"ఒళ్లు హూనం చేసుకుంటున్నావు, నీకేమన్నా కిరీటం పెడతారా?" అనేవాడు మొగుడు.

"పెట్టక్కర్లేదు. నా జోలికి రాకపోతే అంతే చాలు" అనేది.

ఒకరోజు శిక్షణ ఇవ్వడానికి ఎవరో నిపుణుడు వచ్చాడు. తెల్లబోర్డు మీద రెండు గుండ్రాలు గీసి, పొంతన లేని ఆదేశాలు వచ్చినప్పుడు 'ఇదా, అదా' అనుకోకూడదని, 'ఇదీ, అదీ' అనుకోవాలని సెలవిచ్చాడు. అలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగితే అందరూ తల దించుకుని ఫోన్లు చూసుకున్నారు.

"మా పెద్దక్కని అడగండి. ఇన్నేళ్లలో ఒక్క ఫిర్యాదు లేదు" అన్నాడు సూపరింటెండెంటు.

"ఎలా చేస్తున్నారమ్మా?" అన్నాడు నిపుణుడు.

ఆమె ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆ మాట ఎవరూ అడగలేదు. పిచ్చిది కరిగిపోయింది. చిరుగులు, మిషను, బీరువా, ఒక్కటీ దాచకుండా చెప్పేసింది. హాలంతా చప్పట్లు. డాక్టరమ్మా కొట్టింది. ఆఫీసరు కూడా కొట్టి, జేబులోంచి డైరీ తీసి ఏదో రాసుకున్నాడు.

సోమవారం పొద్దున్నే స్టోర్సు వాళ్లు తోపుడుబండితో దిగి బీరువా ఖాళీ చేసుకుపోయారు. రద్దయిన సరుకు లాండ్రీలో ఉంటే ఆడిట్లో తగులుకుంటుందని ఆఫీసరు రాశాడు. మాసికల్లో క్రిములు దాక్కుంటాయని డాక్టరమ్మ కింద సంతకం పెట్టింది. వాళ్లిద్దరూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదలు.

పెద్దక్క సూపరింటెండెంటు దగ్గరికి పరిగెత్తింది. "ఆ రెండు ఆర్డర్లలో ఒకటి తీసెయ్యండి సార్. ఏది తీసినా సరే."

"రెండూ ముఖ్యమే కదా పెద్దక్కా. నువ్వున్నావుగా, మాకేం దిగులు? నీకు ప్రశంసాపత్రం కూడా రాయిస్తున్నాను" అన్నాడాయన నవ్వుతూ. ఆ నవ్వు చూస్తే ఆమెకి ఒళ్లు మండిపోయింది.

పది రోజులైనా గడవలేదు, డ్రయ్యరు చచ్చి ఊరుకుంది. కాన్పుల వార్డుకి నలభై దుప్పట్లు వెళ్లాలి. ఒకటి చెంపకి ఆనించింది. తడి. ఇంకోటి తీసింది. అదీ తడే. వార్డులో బాలింతలు వట్టి రబ్బరు షీట్ల మీద ఉన్నారు. ఆఫీసరు రెండుసార్లు ఫోన్ చేశాడు. పెద్దక్క ఆ రెండింటినీ మళ్లీ మడతపెట్టి బండిలో పెట్టింది. తర్వాత రిజిస్టర్లో 'ఆరినవి' అని రాసి, తానే బండి తోసుకెళ్లి వార్డు గుమ్మంలో దింపి వచ్చింది.

కాసేపటికి ఫోను మోగింది. ఆ వార్డు నర్సు స్వయానా పెద్దక్క చెల్లెలి కూతురు.

"పెద్దమ్మా, దుప్పట్లు తడిగా ఉన్నట్టున్నాయి. పరచమంటావా?"

"తడి కాదమ్మా. చల్లగా ఉన్నాయి, అంతే."

"అంతేనా? నువ్వు చూసి పంపావంటే ఇంక చూసుకోనక్కర్లేదులే. పరిచేస్తాం" అని ఆ పిల్ల ఫోను పెట్టేసింది.