రెండు గంటల తుపాకీ

మా కాలనీలో కొంతకాలం తుపాకీ చట్టం ఒకటి అమలులో ఉండేది. దాన్ని చేసింది నేను కాదు. అందులో తప్పులు దిద్దింది మాత్రం నేనే.

పటాన్‌చెరు నుంచి కర్దనూర్ వెళ్లే దారిలో ఉంది మా కాలనీ. ప్రతి ఇంటి నుంచీ ఒకరైనా ఫ్యాక్టరీకి వెళతారు. మావారు గుంటూరు జిల్లా నుంచి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టారు. ఆయన పోయారు, నేనున్నాను. లెక్కల టీచరుగా రిటైరయ్యాను. ఏ ఇంట్లో ఈ వారం ఏ షిఫ్టో నాకు నోటికి వచ్చు. ఇది ఇతరుల సంగతుల్లో తల దూర్చడం కాదు. కుక్కరు ఎన్నింటికి పెడితే ఎవరి నిద్ర చెడుతుందో తెలియకుండా ఇక్కడ అన్నం వండకూడదు.

రోడ్డు వెడల్పు చేయడానికి చెట్లు కొట్టేశాక కోతులు మా మీదికి వచ్చాయి. మొదట జామకాయలు పోయాయి, తరువాత నీళ్ల ట్యాంకుల మూతలు, ఆ తరువాత మా మిద్దె మీద ఆరబెట్టిన సగ్గుబియ్యం వడియాలు. తింటే బాధపడకపోదును. ఒక్కొక్కటీ కొరికి, ఇంకా ఎండలేదన్నట్టు పక్కన పడేశాయి. ఎండలేదన్న మాట నిజమే.

కాలనీ సంఘం కార్యదర్శిది కొండాపూర్ మండలం. ఫోర్‌మన్‌గా రిటైరయ్యాడు. ఆయన సంగారెడ్డి అంగట్లో కోతుల తుపాకీ ఒకటి కొనుక్కొచ్చాడు. తెల్లటి ప్లాస్టిక్ గొట్టం. మామిడికాయలు మగ్గబెట్టే కార్బైడ్‌తో పేలుతుంది. గుండు ఉండదు, చప్పుడు మాత్రమే.

మా మిద్దె ఎత్తు కాబట్టి మొదటిసారి అక్కడి నుంచే కాల్చాడు. ఉదయం తొమ్మిది గంటలు. కోతులు పారిపోయాయి. ఆ వెంటనే అన్ని ఇళ్ల తలుపులూ తెరుచుకున్నాయి, ఆడవాళ్లందరూ బయటికి వచ్చారు. ఒక్కరూ మా మిద్దె వైపు చూడలేదు. అందరూ చిమ్నీల వైపు చూశారు.

మా వైపు పెద్ద చప్పుడు వినిపిస్తే ముందు తట్టేది ఒకటే, ఫ్యాక్టరీలో ఏదో పేలిందని. పక్కింటామె భర్త మందుల ఫ్యాక్టరీలో రియాక్టర్ల దగ్గర పనిచేస్తాడు. ఆ వారం అతనిది పొద్దుటి షిఫ్టు. ఆమె పిండి చేత్తోనే ఫోను పట్టుకుంది. ఆ ఫ్యాక్టరీలో ఫోన్లు గేటు దగ్గరే తీసుకుని డబ్బాలో పెడతారు. ఆ డబ్బాలో అతని ఫోను భోజనం వేళ దాకా మోగుతూనే ఉంది.

సాయంత్రం ఆమె మా గుమ్మంలోకి వచ్చింది.

"అత్తమ్మా, కోతులను ఎల్లగొట్టుకోండ్రి, నేనొద్దంటలేను. గని గా సప్పుడు మనదో కాదో నాకెట్ల తెల్వాలె?"

సరైన ప్రశ్న. ఆదివారం పక్కింటివాళ్లు చర్చి నుంచి తిరిగి వచ్చాక పంపు షెడ్డు కింద మీటింగు పెట్టుకున్నాం. కార్యదర్శి ఉత్త చేతులతో రాలేదు, ఫోనులో చదువుకుని వచ్చాడు.

"టీచరమ్మా, అమెరికాల పాత పట్నాలల్ల ఊరి నడుమ తుపాకి కాల్వద్దని రూలుండెనట. ఇండ్లల్ల మందుగుండు ఎక్కువ పెట్టుకోవద్దట. ఊరవతల దానికి అలగ్ ఒక ఇల్లు కట్టి అండ్ల పెట్టేటోళ్లట."

"మరి దొంగలొస్తే ఏం జేసేటోళ్లు కాకా?" అన్నాడు పక్కింటామె భర్త. "జెర కూసోండ్రి, మందు దెస్తమనేటోళ్లా?"

అందరూ నవ్వారు. నవ్వి, అమెరికా నిబంధనలనే ఒప్పుకున్నారు. గొట్టం మా ఇంట్లో, వంటగది తలుపు వెనక కొక్కేనికి ఉండాలి. కార్బైడ్ కాలనీ చివర పంపు గదిలో ఉండాలి. నడుమ కాల్చకూడదు, అంచున కాల్చాలి.

మా కాలనీకి అంచు లేదు. ఒక పక్క ఫ్యాక్టరీ గోడ, ఒక పక్క రోడ్డు, మిగిలిన రెండు పక్కలా వేరే కాలనీలు. కాబట్టి ఆ నిబంధన మొదటి రోజే పోయింది. మందు గది నిబంధన నిలిచింది. కోతి వచ్చినప్పుడు కార్యదర్శి మా ఇంటికొచ్చి గొట్టం తీసుకుని, తన ఇంటికి వెళ్లి తాళంచెవి తీసుకుని, పంపు గదికి వెళ్లి కార్బైడ్ తెచ్చుకునేవాడు. కోతి ఆయన కోసం ఆగేది కాదు.

పక్కింటామె ప్రశ్నకు మాత్రం జవాబు రాలేదు. అమెరికా వాళ్లు ఎక్కడ కాల్చాలో చూసుకున్నారు. మాకు కావలసింది ఎప్పుడు అన్నది. అది లెక్క, అందుకని నేను చేశాను. ఉదయం ఎనిమిది దాకా రెండో షిఫ్టు వాళ్లు నిద్రపోతుంటారు. ఎనిమిది నుంచి రెండు దాకా రాత్రి షిఫ్టు వాళ్లు. మూడు నుంచి అయిదు దాకా పొద్దుటి షిఫ్టు వాళ్లు ఒరుగుతారు. అయిదు దాటితే రాత్రి షిఫ్టు వాళ్లు వెళ్లబోయే ముందు మళ్లీ నడుం వాలుస్తారు. చీకటి పడ్డాక కోతులు రావు. మిగిలింది రెండు నుంచి మూడు. రెండింటికి షిఫ్టు మారే సైరన్ మోగాక, మూడు లోపల. ఇక వేరే వేళలో వినిపించిన ఏ చప్పుడూ మనది కాదు.

చట్టం బాగా అమలైంది. కోతులు సైరన్‌కు ముందే వెళ్లిపోయి మూడింటికి తిరిగి వచ్చేవి.

"మనం రూలు పెట్టినం, కోతులు పాటిస్తున్నయి," అన్నాడు కార్యదర్శి.

ఆ తరువాత ఒకనాడు ఉదయం పదకొండు గంటలకు పెద్దగా పేలింది. నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. పక్కింటామె చెప్పులు లేకుండా వచ్చింది. భర్తది పొద్దుటి షిఫ్టు.

"అత్తమ్మా, మనదేనా? మనదే అనుండ్రి!"

రెండింటికి ముందు మన తుపాకీ పేలదని ఇన్ని నెలలుగా ఆమెకు చెబుతున్నది నేనే. ఇప్పుడు ఎవరో ఆ నిబంధన తప్పి ఉండాలని ఇద్దరం కోరుకుంటున్నాం. చూడకుండా మాట చెప్పడం నాకు అలవాటు లేదు. తడి చేతులతో లోపలికి వెళ్లి వంటగది తలుపు తీసి వెనక చూశాను. కొక్కెం ఖాళీగా ఉంది.

"గొట్టం ఎవరో తీసుకెళ్లారమ్మా. మనదే," అన్నాను.

అప్పుడే కార్యదర్శి గేటు తీసుకుని వచ్చాడు. గొట్టాన్ని తువ్వాల కింద దాచుకున్నాడు. గొట్టం తువ్వాల కంటే పొడుగు.

"ఓ కాకా! నీ కోతులు మన్నుగాను! నా పాణం గీడనే పొయ్యింది గదనే!"

"ట్యాంకుకు కొత్త మూత బిడ్డా, నిన్ననే బిగించిన. నా కండ్ల ముంగటనే కోతి పీకుతున్నది. టీచరమ్మ గిన్నెలు తోముతున్నదని…"

ఆమె మెట్టు మీద కూలబడి నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చింది. ఆయనకు నిబంధన మళ్లీ చెప్పవలసిన బాధ్యత నాది. చెప్పలేదు, టీ పెట్టాను. అల్లం కూడా వేశాను.

తరువాతి మీటింగులో ఆమే ఒక సవరణ పెట్టింది. ఎవరు, ఎప్పుడు కాల్చినా ముందు గట్టిగా "మనదే!" అని అరవాలి.

"అమెరికాల గిట్ల ఉన్నదా?" అన్నాడు కార్యదర్శి.

"అమెరికాల మా ఆయన పన్జేస్తలేడు కాకా."

సవరణకు అందరూ చేతులెత్తారు. కొన్నాళ్లకు కోతులు ఆ అరుపు విని, పేలుడు కోసం ఆగకుండానే పారిపోవడం మొదలుపెట్టాయి.

దీపావళి అప్పుడు ఈ గొట్టాలు పిల్లల కళ్లు తీస్తున్నాయని పోలీసులు వాటిని వద్దన్నారు. మాది నేనే స్టేషన్‌కు తీసుకెళ్లి అప్పగించాను. ఎప్పుడు కాల్చేవాళ్లని కానిస్టేబుల్ అడిగాడు. మధ్యాహ్నం రెండు నుంచి మూడు లోపల, ఒక్కసారి మాత్రం పదకొండింటికి అని చెప్పాను. అతను గొట్టం వైపు చూశాడు, నా వైపు చూశాడు, రెండు వేళలూ పుస్తకంలో రాసుకున్నాడు.

ఇప్పుడు కోతులకు అరుపు సరిపోతుంది. కానీ గొట్టం పోయాక ఏ వేళ పేలినా అది మనది కాదు.

ఈ ఎండాకాలం నేను మిద్దె మీద వడియాలు తిరగేస్తుండగా రోడ్డు వైపు ఏదో పేలింది. కిందికి దిగేసరికి ఆడవాళ్లందరూ గేట్ల దగ్గర నిలబడి చిమ్నీల వైపు చూస్తున్నారు. ఎవరూ అరవలేదు. పక్కింటామె ఫోను చెవికి ఆనించుకుని ఉంది. భర్త ఫోను ఆమె ఇంట్లోంచే మోగుతోంది.

"ఈ వారం అతనిది రాత్రి షిఫ్టమ్మా," అన్నాను. "లోపల నిద్రపోతున్నాడు."

ఆమె నన్ను నమ్మింది. అయినా లోపలికి వెళ్లి చూసి వచ్చింది.

"పన్నడు అత్తమ్మా. ఫోను మోగినా లేస్తలేడు."

అని చెప్పి ఇంట్లోకి పోలేదు. మిగతా వాళ్ల పక్కన నిలబడింది. ఎదురింటామె చేసిన ఫోనుకు, మూలింటామె చేసిన ఫోనుకు జవాబు వచ్చే దాకా అందరం అక్కడే ఉన్నాం. పేలింది లారీ టైరని ఎవరో వచ్చి చెప్పారు.

నేను మిద్దె ఎక్కేసరికి కోతులు వడియాలు కొరికి చూస్తున్నాయి. ఈసారి బాగా ఎండాయి.

"మనదే!" అని అరిచాను.