పులితోలు మీద జవాబు

1926లో నేను అరకు వైపు క్యాంపు కోర్టులో ఇంటర్‌ప్రెటర్‌ని. అంటే దొర ఇంగ్లీషును కొండవాళ్లకూ, వాళ్ల మాటను దొరకూ చేరవేసే దుబాసీని. కోర్టంటే ఒక గుడారం, ఒక మడతబల్ల, నా కాగితాల పెట్టె. జీతం ఒక్కటే గానీ చీవాట్లు మాత్రం రెండు వైపులా.

ఒకరోజు సుక్రు అనే కొండరైతు కేసు విచారణకు వచ్చింది. రిజర్వులో, అంటే సర్కారు హద్దులు వేసి పోడు మాన్పించిన అడవిలో, నిప్పు పెట్టాడని నేరం. రుజువైతే మైదానంలో జైలు. చంటిపిల్లను వీపున కట్టుకుని అతని భార్య మూడు రోజులుగా గుడారం బయటే కూర్చుని ఉంది.

"యూ ఆర్ ఆన్సరబుల్" అన్నాడు దొర.

"జవాబుదారీ నీదే, చెప్పు" అన్నాను సుక్రుతో. ఉలుకూ పలుకూ లేదు. గట్టిగా అరిచాను. అయినా లేదు. దొర కలం తీశాడు. ఈసారి అతని యాసలోనే బతిమాలాను.

"దొర శిక్ష రాసేత్తన్నాడు సుక్రూ, బేగి సెప్పు!"

"తోలేదీ బాబూ?" అన్నాడు. "పులితోలు మీద నిలబడకండా నోరిప్పితే అబద్ధాలోడంతారు మావోలు."

ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ ఈ సంగతి తెలుసుకోనందుకు సిగ్గేసింది. దొరకు చెప్పాను. మండిపడతాడనుకుంటే నవ్వాడు.

"మా పాత భాషలోనూ ఆన్సర్ అంటే మోపిన నేరానికి ఎదురు చేసే ప్రమాణమే. పోనుపోను వట్టి మాటగా మిగిలింది. తోలు తెప్పించు."

ఊరిపెద్ద ఇంటి నుంచి తోలుముక్క వచ్చింది. సుక్రు దానిమీద నిలబడి, చిటికెడు మన్ను నోట్లో వేసుకుని, అబద్ధమాడితే పులి తినాలని ఒట్టేశాడు. ఇక మాటలు ఆగలేదు.

"ఆ పొద్దు నేనడివిలో లేను బాబూ. ఈ దొర మంచమే మోసుకుని కొండ గాటీ ఎక్కతన్నాను. పేరు రాసుకున్నది నువ్వే గదేటి!"

పెట్టె తెరిచి కూలీల పట్టీ తీశాను. ఆ తారీఖు కింద ఏడో పేరు సుక్రుది. రాత నాదే.

దొర కేసు కొట్టేశాడు. అతని భార్య ఏడుస్తూ నవ్వింది. నాకూ ప్రాణం లేచొచ్చింది. అంతలో దొర నావైపు తిరిగాడు.

"ఇతన్ని మూడు రోజులు నిర్బంధంలో ఉంచినందుకు ఆన్సరబుల్ ఎవరు?"

ఆ మాటను అన్నాళ్లూ ఎదుటివాళ్ల మీదికి విసరడమే తెలుసు నాకు. మోయడం ఆ రోజే నేర్చుకున్నాను. చెప్పులు విడిచి తోలు మీద నిలబడ్డాను.

"నేనేనండి" అన్నాను.