జువేరియా మేడం ‘ధూండో’

అమీర్‌పేట మైత్రీవనం వెనక గల్లీలో, ఓ కంప్యూటర్ కోచింగ్ సెంటర్ మూడో అంతస్తులో ఉన్న లినక్స్ ల్యాబ్‌ను నాలుగేళ్లుగా చూసుకుంటోంది బోరబండ నుంచి వచ్చే జువేరియా. పాఠం చెప్పి పేరు తెచ్చుకునేది ఇంకొకరు, తంటాలు పడేది ఆమె. అమీర్‌పేటలో అది మామూలే లెండి.

ఆ ల్యాబ్‌లో విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపే లినక్స్ మూడు రకాలు ఉండేది. సాఫ్ట్‌వేర్ వెతకడానికి దేని కమాండ్ దానిదే. ఒకే మాట కొడితే ఒకటి చాంతాడంత జాబితా కుమ్మరించేది, ఒకటి పేర్లలో మాత్రమే చూసేది, మూడోది ఏమీ దొరక్కపోతే మూగనోము పట్టేది. “మేడం, ఆయనకొచ్చింది, నాకు రాలె” అని రోజంతా ఒకటే గోల. విసిగిపోయి ఆమె ‘ధూండో’, అంటే ‘వెతుకు’, అనే చిన్న ప్రోగ్రామ్ రాసింది. ఏ మెషిన్ మీదైనా ఒకే కమాండ్, ఒకే తీరు జవాబు. ఏమీ రాకపోతే ‘లేదు’ అని చెబుతుంది.

2008 ఎండాకాలంలో పాఠం చెప్పే ఆయన కంపెనీ ఉద్యోగం దొరికి చెప్పాపెట్టకుండా పోయాడు. యజమాని జోగారావు గారు ఆమెను పిలిచారు.

“ఏంటమ్మా, డెమో క్లాసు నువ్వు చెప్పగలవా? ఇరవై మంది చేరితే బ్యాచ్ నీదే. లేదంటే మళ్లీ ల్యాబే. ఒక్కటి గుర్తుంచుకో. డెమోలో ‘తెలియదు’ అన్నావో, జనం పక్క బిల్డింగ్‌కి పోతారు.”

డెమోకు నలభై మంది వచ్చారు. ‘ధూండో’ చూపిస్తుంటే, ఖైరతాబాద్‌లో ఓ ఆఫీసు కంప్యూటర్లు చూసుకునే రాజనర్సయ్య ఒక సాఫ్ట్‌వేర్ పేరు చెప్పి వెతకమన్నాడు. రెండు మెషిన్లు చూపించాయి. మూడోది ‘లేదు’ అంది.

“లేదా? మా ఆఫీసుల గదే రకం లినక్స్ మీద నడుస్తుంది గద మేడం!”

జువేరియాకు అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున ఆ మెషిన్‌లో లినక్స్ కొత్తగా ఎక్కించి, సాఫ్ట్‌వేర్ల జాబితా నెట్ నుంచి దింపడం మరిచిపోయింది. జాబితాయే లేక మెషిన్ నోరు మూసుకుంటే, ఆమె ప్రోగ్రామ్ దాన్ని ‘లేదు’ అనుకుంది. “నెట్ స్లో” అనేస్తే పోయేది. అమీర్‌పేటలో రోజుకు వందసార్లు అనే మాటే. గుమ్మంలోంచి జోగారావు గారు ఏదో ఒకటి చెప్పి దాటేయమని సైగ చేస్తున్నారు కూడా!

“తప్పు నాది” అంది జువేరియా. “దీనికి తెలువదు. తెలువకుంటనే లేదని చెప్పింది. నేనే అట్ల రాసిన. జర ఆగండి, మీ ముందే సరిచేస్త.”

జాబితా ఉందో లేదో ముందు చూసుకోమని ప్రోగ్రామ్‌లో నాలుగు వరుసలు చేర్చింది. ఈసారి మూడో మెషిన్ ‘తెలియదు, జాబితా లేదు’ అంది. జాబితా దింపాక సాఫ్ట్‌వేర్ చూపించింది. అప్పటికి సగం గది ఖాళీ.

పేర్లిచ్చింది తొమ్మిది మందే.

“చెప్పానా లేదా? రేపు ఇంకొకాయనతో డెమో పెట్టిస్తాను” అన్నారు జోగారావు గారు. జువేరియాకు ఏడుపు ముంచుకొచ్చింది. నాలుగేళ్లు ఎదురుచూసిన బ్యాచ్ మరి!

రాజనర్సయ్య కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు. “సార్, నిరుడు మా సర్వర్ ఉన్నదాన్నే ‘లేదు’ అంటే నమ్మి రెండు దినాలు మస్తు పరేషానైన. తెలువకపోతే తెలువదని చెప్పెటోళ్లే కావాలె నాకు. గీ మేడమే చెప్పాలె. లేకుంటే మా తొమ్మిది పేర్లు సుత కొట్టేయండి.”

వెనకున్న ఎనిమిది తలలూ ఊగాయి. జోగారావు గారు గొణుక్కుంటూ బ్యాచ్ ఆమెకే ఒప్పజెప్పి, పొద్దున్న ఆరింటి వేళ ఇచ్చారు, ఎవరూ అడగని వేళ.

మర్నాడు ఆరు కాకముందే తొమ్మిది మందీ వచ్చి కూర్చున్నారు. జువేరియా హాజరు పట్టీ తెరిచి, ‘ఫ్యాకల్టీ’ అని ఉన్నచోట తన పేరు రాసుకుంది.