వంటమనిషి చేతికి మైకు ఇచ్చిన షమీమ్ మేడమ్

నిన్న పొద్దున బియ్యం కడుగుతుంటే ఫోన్ టింగుమంది. మా వంటవాళ్ల వాట్సాప్ గ్రూపు.

షమీమ్ మేడమ్ ఫోటో. చుట్టూ పూలు.

ఎక్కడో సన్మానం చేశారనుకున్నాను. సంతోషమేసి ఒక గులాబీ బొమ్మ పెట్టేశాను.

తరువాత చేతులు తుడుచుకొని, కింద ఉన్న అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను.

గుండెపోటు అని ఉంది.

అక్కడితో నా చదువు ఆగిపోయింది.

ఆ గులాబీని ఎలా తీసేయాలో కూడా నాకు తెలియలేదు. ఓబులమ్మ తీసింది. ఆమె, నేను కలిసి జమ్మలమడుగు పక్కన మైలవరం దగ్గర మా ఊరి హైస్కూల్లో పిల్లలకు వంట చేస్తాం.

ఇంకా నమ్మబుద్ధి కావడం లేదు. మేడమ్‌కు యాభై ఏళ్లు కూడా లేవు.

తెలియని వాళ్ల కోసం చెప్తున్నాను. మేడమ్‌ది ప్రొద్దుటూరు. మాలాంటి వంటవాళ్లకు, ఆయాలకు ట్రైనింగ్ ఇచ్చేది. గిన్నెలు ఎలా తోమాలో, చేతులు ఎలా కడుక్కోవాలో మాత్రమే కాదు. నలుగురిలో లేచి మాట్లాడడం కూడా నేర్పేది.

నా సంగతి మా ఊళ్లో అందరికీ తెలుసు. గ్యాస్ కట్టేశానా లేదా అని సగం దారి నుంచి వెనక్కి వస్తాను. సాంబారులో బల్లి పడిందేమో అని మూడుసార్లు గరిటెతో తిప్పి చూస్తాను. వీటన్నిటికంటే పెద్ద భయం, పదిమంది ముందు నోరు తెరవడం.

మా బడిలో వంటగది నుంచి పిల్లలు తినే వరండాకు మూడు మెట్లు దిగాలి. కాగుతున్న సాంబారు గుండిగను చెరొక పక్క పట్టుకొని దిగేవాళ్లం. ఆ దారినే పిల్లలు చేతులు కడుక్కోవడానికి పరుగెత్తేవాళ్లు. ఒకరోజు ఓబులమ్మ జారింది. సాంబారు పడి పాదం కాలింది.

హెడ్మాస్టరు సారు మంచివాడు. ప్రొద్దుటూరులో మీటింగ్ ఉంది, ఆఫీసర్లు వస్తారు, వండేవాళ్లే చెప్తే వింటారు అన్నాడు.

ఓబులమ్మ ముందే తప్పుకుంది. "నాకు కాలు కాలింది సాల్దా? ఇంగ నోరు గూడా కాల్చుకోవాల్నా? నువ్వే పో అక్కా."

మీటింగ్‌కు ముందు పులివెందులలో మూడు రోజుల ట్రైనింగ్. మూడో రోజు ఒక్కొక్కరినీ స్టేజీ ఎక్కించారు. ఎదురుగా యాభైమంది వంటవాళ్లు. ఆఫీసర్ లాగా ముందు కుర్చీలో షమీమ్ మేడమ్.

మెట్ల సంగతి రాయించుకున్న కాగితం చేతిలో ఉంది. ఎదురుగా వరసల్లో మనుషులు కూర్చొని నన్నే చూస్తున్నారు.

నా నోటి నుంచి ఏమొచ్చిందో తెలుసా.

"అందురూ వరసగా కూచోండి. పళ్లాలు ముందర పెట్టుకోండి. కాలుతాంది, చెయ్యి పెట్టొద్దండి."

హాలంతా నవ్వు. వెనక నుంచి ఎవరో, "ఈ పొద్దు గుడ్డు ఉందా అవ్వా?" అన్నారు.

దిగి, సంచి తీసుకొని, బస్టాండుకు బయలుదేరాను. మేడమ్ గేటు దగ్గర పట్టుకుంది.

"యాడికి పోతాండావవ్వా?"

"ఊరికి. నాకు చేతగాదు మేడమ్."

"మీ బళ్లో ఎంతమంది పిల్లోల్లు?"

"రెండు నూర్లు ఉంటారు."

"మరి రోజూ రెండు నూర్ల మంది ముందర మాట్లాడతాండావు. నీ ఒక్క మాటకు అందురూ కూచుంటాండారు."

"వాళ్లు పిల్లోల్లు మేడమ్."

"ఆకలిమీదుండే పిల్లోల్ల కంటే ఆఫీసర్లు నయమే లే. ఆ కాగితం నాకియ్యి. మెట్ల కాడ నీకేం భయమో అది చెప్పు. వడ్డించేటప్పుడు చెప్పినట్టే చెప్పు."

బస్సు టైం అయ్యేదాకా చెప్పించింది. ఒక్కసారి కూడా విసుక్కోలేదు.

ప్రొద్దుటూరు మీటింగ్‌లోనూ భయమేసింది. దాచుకోవడం ఎందుకు. కానీ నోరు పెగిలింది. గుండిగ మోసేటప్పుడు నా కాళ్లు నాకు కనపడవు అని చెప్పాను. ఏ పిల్లోడు అడ్డమొస్తాడో అని రోజూ మధ్యాహ్నం నా పై ప్రాణాలు పైనే పోతాయి అన్నాను. ఈసారి కాలేది ఓబులమ్మ పాదం కాదు, ఒక బిడ్డ ముఖం అన్నాను.

ఎవరూ నవ్వలేదు.

ఎండాకాలం సెలవుల్లో ఆ మెట్లు పగలగొట్టి సిమెంటుతో వాలుగా చేశారు. ఇప్పుడు గుండిగను చక్రాల బండి మీద తోసుకుపోతాం.

ఆ సంగతి ఫోన్ చేసి చెప్తే మేడమ్ అడిగింది. "ఇంగ భయం పోయినట్టేనా అవ్వా?"

"భయం యాడికి పోతాది మేడమ్. మెట్లు పోయినాయి."

ఎంతసేపు నవ్విందో.

నిన్న పిల్లలకు వడ్డించి, జమ్మలమడుగు వచ్చి, ప్రొద్దుటూరు బస్సు ఎక్కాం. పిల్లలను పస్తుపెట్టి వస్తే మేడమే తిట్టేది. మేం చేరేసరికి తీసుకెళ్లిపోయారు. ఆఖరి చూపు దొరకలేదు. గేటు బయట ఆమె చెప్పులు ఉన్నాయి. వాటినే చూస్తూ నిలబడ్డాను.

బస్సులో వెనక్కి వస్తూ ఒక విషయం తట్టింది. అప్పటి నుంచి అన్నం సయించడం లేదు.

ఊళ్లో అందరి గురించీ భయపడతాను. పక్కింటి మేక ఈనకపోయినా నాకు నిద్ర పట్టదు. షమీమ్ మేడమ్ గురించి మాత్రం ఒక్కరోజు కూడా భయపడలేదు. ఎప్పుడు ఫోన్ చేసినా, "బీపీ మాత్ర ఏసుకుంటివా?" అని ఆమే అడిగేది. నువ్వు వేసుకున్నావా తల్లీ అని నేను ఎన్నడూ అడగలేదు. ఆమెకేమవుతుందిలే అనుకున్నాను.

ఆదివారం ప్రొద్దుటూరులో సంతాప సభ. నన్ను రెండు మాటలు చెప్పమన్నారు. సరే అన్నాను. ఫోన్ పెట్టేశాక గ్యాస్ కట్టేశానా అని రెండుసార్లు చూసుకొచ్చాను. ముందు కుర్చీలో ఈసారి ఆమె ఉండదు.

అయినా చెప్తాను. ఏడుపొస్తే ఏడ్చి, మళ్లీ చెప్తాను.

పోయిరా షమీమ్ తల్లీ. నీ అల్లా నిన్ను చల్లని చోట పెట్టాలి. గండి ఆంజనేయస్వామికి నేను కూడా ఒక మాట చెప్పుకుంటాను.